గాయానికి రాసే పసుపు, గోలీలో మింగే పసుపు

(హన్మకొండలో ఒక గ్రంథాలయం హాలులో, మహిళా సంఘాల సభ్యుల ముందు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దగ్గరికి జరుపు బాబూ, వెనక కూర్చున్న అక్కలకు వినపడట్లేదట. ఆఁ, ఇప్పుడు వస్తోందా? సరే.

మొదలుపెట్టే ముందు ఒక పని ఉంది. మీ ఇంట్లో వాడే పసుపు చిన్న పొట్లం కట్టుకొని రమ్మని మొన్న ఫోన్లో చెప్పించాను కదా, ఎంతమంది తెచ్చారు? పదకొండు మందా, చాలు. ఈ టేబుల్ మీద గాజు గ్లాసుల్లో మంచినీళ్లు పోసి పెట్టాం. ఒక్కొక్కరు వచ్చి చెంచాడు పసుపు నీళ్ల మీద వేసి, గ్లాసు కింద నంబరు చీటీ పెట్టి వెళ్లి కూర్చోండి. కలపొద్దు, కదపొద్దు. నేను మాట్లాడేంతసేపు వాటి జోలికి పోవద్దు, చివర్లో చూద్దాం.

నేను డాక్టర్‌ను కాదు, ఈ మాట ముందే చెప్తున్నా. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. కానీ పసుపు నాకు పుస్తకంలో దొరకలేదు. మాది కేసముద్రం దగ్గర ఊరు, మా బాపు పసుపు వేసేవాడు. మిరుగు, అంటే మృగశిర కార్తె, రాంగనే విత్తనం కొమ్ము పెట్టేది, సంక్రాంతి దాటినంక తవ్వేది. ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలోనే ఉండే పంట. మధ్యలో మక్కజొన్న వేస్తే దాని నీడకు పసుపు పెరిగేది. ఇప్పుడు, బతుకమ్మ దగ్గరపడే ఈ రోజుల్లో చేనుకు పోతే నడుమెత్తు ఆకు ఉంటుంది, ఆ ఆకు నలిపి వాసన చూడండి ఎప్పుడన్నా, కూరలో పసుపు వాసన కాదు అది, వేరే ఉంటుంది.

ఒక సంగతి చెప్తే మా స్టూడెంట్లు నమ్మేవాళ్లు కాదు. పసుపు మొక్కకు పువ్వు వస్తుంది గానీ గింజ పట్టదు. దాని క్రోమోజోములు మూడు సెట్లుగా ఉంటాయి, మామూలు మొక్కలకు రెండు సెట్లే కదా, అందుకని విత్తనం కట్టలేదు. కొమ్ము విరిచి నాటితేనే మొక్క. అంటే మనిషి చెయ్యి లేకుండా పసుపు బతకదు. మీ ముత్తవ్వ తిన్న పసుపూ, పొద్దున మీరు పప్పులో వేసిన పసుపూ, కొమ్ము నుంచి కొమ్ముకు విరుచుకుంటూ వచ్చిన ఒకే మొక్క అన్నట్టే లెక్క.

తవ్వినంక ఉడకబెట్టాలి. పెద్ద ఇనుప కడాయి, కింద చెరుకు పిప్పో కంప కట్టెలో, పైన పసుపు ఆకులు, గోనె సంచులు కప్పి. నురగ వచ్చి, ఆ ఆవిరి వాసన ఊరంతా వస్తే అయిందని తెలిసేది. మా అవ్వ ఒక పుల్ల గుచ్చి చూసేది, మెత్తగా దిగాలి. తక్కువ ఉడికితే ఎండిన కొమ్ము పెళుసుగా అవుతుంది, ఎక్కువ ఉడికితే రంగు పోతుంది. తర్వాత పది పదిహేను రోజులు కల్లంలో ఎండబెట్టాలి. విరిస్తే టక్కుమని లోహం చప్పుడు రావాలి. నాలుగైదు బస్తాల పచ్చి పసుపుకు ఒక్క బస్తా ఎండుది వస్తుంది. ఆ పదిహేను రోజుల్లో ఒక్క వాన పడితే మా బాపు ముఖం చూడలేకపోయేవాళ్లం. తడిసిన కొమ్ము మొద్దుబారి నల్లగా అవుతుంది, మార్కెట్‌కు పోతే సేటు చేతిలోకి తీసుకొని ఒక్క చూపు చూసి ధర దించేవాడు. ఈ వాన సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తా.

సరే, అందులో ఏముంది? పసుపు రంగు ఇచ్చేది కర్కుమిన్. 1815లో దాన్ని మొదటిసారి వేరు చేశారు, దాని నిర్మాణం ఏమిటో తేల్చడానికి 1910 దాకా పట్టింది. మామూలు పసుపులో అది మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది. మేఘాలయలో లకడాంగ్ అని ఒక రకం ఉంది, దాంట్లో ఏడు శాతం దాకా ఉంటుంది. వాసన ఇచ్చేది మాత్రం కర్కుమిన్ కాదు, అది వేరే నూనె. మిగతాది ఎక్కువగా పిండి పదార్థమే. అంటే వంద గ్రాముల పసుపులో, మనం ఇన్ని మాటలు చెప్పుకునే ఆ పదార్థం మూడు గ్రాములే.

ఇప్పుడు ఈ తెల్ల కాగితం చూడండి. నిన్న పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టాను. దీని మీద తమలపాకుకు రాసే సున్నం చుక్క పెడుతున్నా. చూశారా? ఎర్రగా అయింది. సబ్బు నీళ్లు పోసినా అంతే. చీర మీద పప్పు ఒలికిందని సబ్బు రుద్దితే మరక ఎర్రగా మారి ఇంకా భయపెడుతుంది కదా, అదే ఇది. ఇప్పుడు నిమ్మకాయ పిండుతున్నా... మళ్లీ పసుపు. పసుపు కర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎరుపు, పులుపు తగిలితే పసుపు. దిష్టి తీసే ఎర్ర నీళ్లు ఇదే, పెళ్లికూతురు కాళ్లకు పెట్టే పారాణి ఇదే. ఇంట్లో కుంకుమ చేసే రోజుల్లో సున్నానికి బదులు వెలిగారం కూడా వేసేవాళ్లు, నిమ్మరసంతో కలిపి ఎండబెడితే వచ్చే ఎరుపు గట్టిది, తర్వాత మళ్లీ పులుపు తగిలినా పసుపు కాదు. వెలిగారంలో ఉండేది బోరాన్. లాబొరేటరీలో ఆ బోరాన్ ఉందో లేదో చూడటానికి పసుపు కాగితం వాడతారు, మన ఆడవాళ్లు ఆ పని పేరు తెలియకుండా పండుగకు పండుగకు చేశారు. ఇప్పుడు బజార్లో దొరికే కుంకుమలో చాలావరకు పసుపే ఉండదు, రంగు పొడి ఉంటుంది, అందుకే నుదురు దురద పెడుతుంది. అది వేరే కథ.

ఇంకొకటి. చీర మీద పసుపు మరక ఎండలో వేస్తే పోతుంది, మీ అందరికీ తెలుసు. వెలుతురుకు కర్కుమిన్ విరిగిపోతుంది. అందుకని పసుపు డబ్బా కిటికీ దగ్గర, గాజు సీసాలో పెట్టకండి, అందానికి పెడతారు చాలామంది. స్టీలు డబ్బాలో, మూత గట్టిగా.

ఇక మందు సంగతికి వద్దాం. మన దగ్గర పసుపు ఎక్కడ లేదు చెప్పండి. పుట్టిన పిల్లకు నలుగు, లగ్గానికి కొట్నం, గడపకు పూత, ఒడిబియ్యంలో కలుపు, బతుకమ్మ మీద పసుపు గౌరమ్మ, బోనం కుండకు బొట్లు, పోతరాజు ఒంటికి పూత, మంగళసూత్రం లేనప్పుడు పసుపు తాడుకు కొమ్ము కట్టి కట్టేది. ఆయుర్వేదంలో దీని పేరు హరిద్ర. రాత్రికి ఉన్న పేర్లన్నీ దీనికీ ఉన్నాయి, నిశ, రజని అని. చరకుడు దీన్ని చర్మ రోగాలు తగ్గించే గుంపులో పెట్టాడు, విషాన్ని విరిచే గుంపులో మొదటి పేరే ఇది, ఒంటి కొవ్వును గీకి తీసేసే గుంపులో కూడా పెట్టాడు. ఇక్కడ ఒకటి గమనించండి. మన ఇళ్లలో పసుపు చేసిన పనుల్లో ముప్పావు వంతు పైపూతలే. ఒంటి మీద, గాయం మీద, గడప మీద. లోపలికి పోయేది కూరలో చిటికెడు, జలుబు చేస్తే పాలలో చిటికెడు. అంతే. ఎవరూ గుప్పెడు మింగలేదు. నేను ఇవాళ మీకు చెప్పదలుచుకున్నదల్లా దాదాపు ఈ తేడా గురించే.

పైపూత ఎందుకు పనిచేస్తుందంటే, గాయం దగ్గర వాపు పెంచే రసాయనాలను కర్కుమిన్ తగ్గిస్తుంది, కొన్ని సూక్ష్మక్రిములను కొంతమేర ఆపుతుంది, పొడి కాబట్టి తడిని పీలుస్తుంది. పొలంలో కొడవలి తెగితే మా బాపు ఇంటికి వచ్చేదాకా ఆగేవాడు కాదు, అక్కడే పచ్చి కొమ్ము రాయి మీద నూరి పెట్టి గుడ్డ కట్టేవాడు. ఎడ్ల మెడ కాయ కాసి పుండు పడితే పసుపు, నూనె కాచి పూసేవాడు.

ఈ గాయం సంగతి అమెరికా దాకా పోయింది, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 1995 మార్చిలో అక్కడి మిసిసిపీ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రానికి, గాయం మాన్పడానికి పసుపు వాడటం మీద పేటెంటు, అంటే ఇది మేం కనిపెట్టిందే, హక్కు మాదే అనే కాగితం, ఇచ్చేశారు. అడిగిన పరిశోధకులు ఇద్దరూ మన దేశం మూలాలు ఉన్నవాళ్లే, అది ఇంకా చిత్రం. మా అవ్వకు చెప్తే, "గదేంది బిడ్డా, రేపు గంజికి గూడ కాయితం రాయించుకుంటరా" అంది. మన దేశపు శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్, అప్పుడు మషేల్కర్ గారు డైరెక్టర్ జనరల్, దాన్ని సవాలు చేసింది. మాకు ముందే తెలుసు అంటే వాళ్లు వినరు, రాసి ఉన్నది చూపించాలి. సంస్కృతం, హిందీ, ఉర్దూ గ్రంథాల నుంచి, 1953లో మన వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసం నుంచి, మొత్తం 32 ఆధారాలు పెట్టారు. 1997 ఆగస్టులో పేటెంటు రద్దయింది. తర్వాత 2001లో మన సంప్రదాయ వైద్య జ్ఞానాన్ని కంప్యూటర్లో ఎక్కించే డిజిటల్ లైబ్రరీ మొదలుపెట్టారు, ఇట్లాంటివి మళ్లీ జరగకుండా. గెలిచాం, మంచిదే. కానీ ఆలోచించండి, రాసి ఉన్నదే లెక్కకు వచ్చింది. మా అవ్వకు తెలిసినది ఎక్కడా రాసి లేదు.

అయితే పైపూతకూ హద్దు ఉంది. ఇది కొంచెం గట్టిగానే చెప్తా, ఎవరూ ఏమనుకోవద్దు. పుట్టిన పిల్ల బొడ్డు మీద పసుపు పెట్టొద్దు. నూనె వద్దు, బూడిద వద్దు, ఏదీ వద్దు. పొడిగా వదిలేయాలి, అదే ఊడిపోతుంది. గిర్నీలో పట్టిన పొడిలో ఏయే క్రిములున్నాయో మనకు తెలియదు, బొడ్డు అంటే లోపలికి తెరిచి ఉన్న దారి. కాలిన గాయానికి ముందు పంపు కింద చల్లటి నీళ్లు, ఇరవై నిమిషాలు, ఐసు కాదు. పసుపు చల్లుకొని వస్తే దవాఖానాలో ముందు అది కడగాలి, ఆ కడిగేటప్పుడు నొప్పి ఎట్లుంటుందో ఒకసారి చూసినవాళ్లు మళ్లీ చల్లరు. లోతుగా దిగిన మేకు, కుక్క కాటు, పాము కాటు, వీటికి పసుపు కట్టి ఇంట్లో కూర్చోవద్దు. కుక్క కరిస్తే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి సూదులకు పోవాలి. కండ్లకలక వస్తే పసుపు గుడ్డతో తుడిచేవాళ్లు ఒకప్పుడు, ఇప్పుడు దాని అవసరం లేదు, కంట్లో పొడి పడితే ఉన్న బాధకు ఇంకో బాధ.

పోచమ్మ పోసినప్పుడు, అంటే ఆటలమ్మ వచ్చినప్పుడు, వేపాకు, పసుపు నూరి పూస్తాం కదా, అది చల్లగా ఉంటుంది, దురద తగ్గుతుంది, పిల్లలు గీకకుండా ఉంటారు. అంతవరకు మంచిదే. దానితో జబ్బు పోతుందని మాత్రం కాదు, పిల్లలకు దాని టైముకు అదే తగ్గుతుంది. పెద్దవాళ్లకు వస్తే, గర్భిణికి వస్తే, డాక్టర్ దగ్గరకు పోవాల్సిందే. గడపకు పసుపు పూస్తే రోగాలు లోపలికి రావు అంటారు, ఆ పలచటి పూతకు అంత బలం ఉందని నేను చెప్పలేను. చీమలు కాస్త తప్పుకుంటాయి. గడప మాత్రం అందంగా ఉంటుంది, నాకది చాలు.

ఇప్పుడు లోపలికి పోయే పసుపు. ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, టెన్షన్ పడకండి, చిన్న లెక్కే. ఒక మనిషి రోజుకు అర చెంచాడు పసుపు తింటాడనుకుందాం, అంటే సుమారు గ్రామున్నర. అందులో మూడు శాతం కర్కుమిన్ అంటే నలభై అయిదు మిల్లీగ్రాములు. అదీ అంతా ఒంటికి పట్టదు. కర్కుమిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, పేగు నుంచి కొంచెమే లోపలికి పోతుంది, పోయిన కొంచెం కూడా పేగూ కాలేయమూ వెంటనే మార్చి బయటకు పంపేస్తాయి. 1998లో బెంగళూరులో చేసిన ఒక చిన్న అధ్యయనంలో రెండు గ్రాముల కర్కుమిన్ ఇచ్చినా రక్తంలో దాదాపు కనపడలేదు, దానికి మిరియాల్లోని పైపరిన్ అనే పదార్థం ఇరవై మిల్లీగ్రాములు కలిపితే రెండువేల శాతం పెరిగింది. ఇప్పుడు ఫోన్లో వచ్చే ప్రతి ప్రకటనలో ఈ రెండువేల శాతమే కనిపిస్తుంది. దాదాపు సున్నా ఉన్నది ఇరవై రెట్లు పెరిగితే ఎంతవుతుందో ప్రకటనలో చెప్పరు. కానీ మిరియాల పాలలో పసుపు వేసి కాచే మన పద్ధతి చూడండి, పాలలో కొవ్వు ఉంది, మిరియం ఉంది, వేడి ఉంది. పోపులో పసుపు నూనెలో వేస్తాం, నీళ్లలో కాదు. తెలిసి చేశారో, రుచికి చేశారో, పద్ధతి మాత్రం సరైనదే.

మరి మోకాళ్ల నొప్పులకు పనిచేస్తుందా? ఇది అడుగుతారని తెలుసు, సగం మంది మోకాళ్లు పట్టుకొనే మెట్లెక్కారు. ఉన్న వాటిలో కాస్త నిలబడే ఆధారం మోకాళ్ల నొప్పికే ఉంది. థాయిలాండ్‌లో 367 మంది మీద నాలుగు వారాలు చూశారు, 2014లో అచ్చయింది. సగం మందికి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, సగం మందికి 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ అనే నొప్పి గోలీ. నొప్పి దాదాపు సమానంగా తగ్గింది, కడుపు నొప్పి ఫిర్యాదులు పసుపు వాళ్లలో తక్కువ. బాగుంది. కానీ అది సారం, పొడి కాదు. అంత కర్కుమిన్ మన పసుపు డబ్బా నుంచి రావాలంటే రోజుకు నలభై, యాభై గ్రాములు తినాలి. ఎవరన్నా తింటారా? అజీర్తికి కూడా థాయిలాండ్‌లోనే, రెండు వందల పైచిలుకు మందిలో, కడుపులో మంటకు ఇచ్చే ఒమెప్రజోల్ గోలీతో సమానంగా పనిచేసిందని 2023లో రాశారు. ఇవి మంచి వార్తలే.

ఇంకో పక్క కూడా వినండి. 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు కొందరు అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా ముందేసుకొని చూసి, కర్కుమిన్ ఒంట్లో నిలకడగా ఉండదు, సరిగ్గా ఎక్కదు, పరీక్ష నాళికలో మాత్రం దేని మీద వేసినా పనిచేస్తున్నట్టు తప్పుడు సంకేతం ఇస్తుంది అన్నారు. క్యాన్సర్ కణాలు గాజు పళ్లెంలో చచ్చిపోయాయంటే మనిషిలో క్యాన్సర్ పోయిందని కాదు. గాజు పళ్లెంలో బట్టల సోడా వేసినా చస్తాయి. వాట్సాప్‌లో "కీమో అక్కర్లేదు, పసుపు చాలు" అని వస్తే ముందుకు పంపకండి. ఆ ఒక్క పని చేస్తే చాలు.

మా చిన్నమ్మ సంగతి చెప్తా. అరవై దాటింది, మోకాళ్ల నొప్పి. ఫోన్లో ప్రకటన చూసి మనవడితో ఒక గోలీల సీసా తెప్పించుకుంది, ఎవరిదో పేరు అనవసరం, తొంభై అయిదు శాతం కర్కుమిన్, మిరియం సారం కలిపి. పసుపే కదా అని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నెలన్నర అయ్యేసరికి ఒళ్లంతా దురద, అన్నం వద్దంటోంది, మూత్రం ముదురు రంగు, కళ్లు పచ్చగా. ఊళ్లోవాళ్లు కామెర్లు, చెట్టుమందు తాగించండి అన్నారు. ఇంకొకరు, కూరలో పసుపు మానేయండి అన్నారు. దవాఖానాకు తీసుకుపోతే డాక్టర్ అడిగాడు, అమ్మా ఏమన్నా గోలీలు వేసుకుంటున్నావా అని. లేదు బిడ్డా, ఒక్క బీపీ గోలీ అంది. మూడుసార్లు అడిగినా అదే మాట. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆమె లెక్కలో అది గోలీ కాదు, పసుపు! నాకు సీసా గుర్తొచ్చి బ్యాగులోంచి తీసి చూపించాను. మిగతా పరీక్షల్లో వేరే కారణం కనపడలేదు, సీసా ఆపాక రెండు నెలలకు మామూలైంది. దీనివల్లే అని నూటికి నూరు పాళ్లు చెప్పలేను అన్నాడు డాక్టర్, కానీ మళ్లీ ముట్టొద్దు అన్నాడు.

తర్వాత నేను వెతికితే తెలిసింది, అమెరికాలో ఇట్లాంటివి పది కేసులు ఒక అధ్యయనంలో 2022లో రాశారు. అయిదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పది మందిలో ఏడుగురిలో ఒకే రకం జన్యు గుర్తు ఉంది, అంటే కొందరికే అట్లా తిరగబడుతుంది, ఎవరికో ముందు తెలియదు. కూరలో పసుపుతో ఇట్లా అవుతుందని భయపడకండి, తరాల నుంచి తింటున్నాం. కామెర్లు వస్తే కూరలో పసుపు తినకూడదన్నది కూడా రంగు చూసి పుట్టిన మాటే, కామెర్ల పచ్చదనం పైత్యరసం రంగు, పసుపు రంగు కాదు. సీసా సంగతే వేరు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు, రక్తం తక్కువ ఉండి ఐరన్ గోలీలు వేసుకునేవాళ్లు, గర్భిణులు, ఈ గోలీల జోలికి డాక్టర్‌ను అడగకుండా పోవద్దు. ఆ మిరియం సారం వేరే మందులను కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలుపుతుంది, అది ఇంకో తలనొప్పి. అన్నిటికంటే ముందు, డాక్టర్ అడిగితే పసుపు గోలీ కూడా గోలీయే అని చెప్పండి.

ఇప్పుడు వాన దగ్గరకు వస్తున్నా. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకు తడిసి పసుపు కొమ్ము రంగు పోతే, దాన్ని మెరిపించడానికి లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగు పొడి పాలిష్ చేసేటప్పుడు కలపడం మొదలుపెట్టారట. అది గోడలకు, బండ్లకు వేసే రంగుల్లో వాడేది. అందులో సీసం ఉంటుంది, పిల్లల మెదడుకు విషం. 2019లో అక్కడి మార్కెట్లో నూటికి 47 నమూనాల్లో సీసం దొరికింది. ప్రభుత్వం దాడులు చేసి, జరిమానాలు వేసి, ఊరూరా చెప్తే 2021కి అది సున్నా అయింది. రెండేళ్లలో! చేయాలనుకుంటే అవుతుంది. రైతు తప్పు అని నేను అనను, మెరిసే కొమ్ముకే ధర వస్తుందంటే మెరిపించేవాడు పుడతాడు. ఆ సేటు ఒక్క చూపు చూసి ధర దించాడు చూశారా, మనం కూడా దుకాణంలో అదే చూపు చూస్తాం, ఎక్కువ పచ్చగా ఉన్నదే కొంటాం.

పసుపు ధర కోసం మన నిజామాబాద్ రైతులు ఎంత చేశారో మీకు తెలుసు, 2019 పార్లమెంటు ఎన్నికల్లో రైతులే పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేస్తే అభ్యర్థులు 185 మంది అయ్యారు. 2025 జనవరి సంక్రాంతి నాడు జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. బోర్డు ధర సంగతి చూస్తుందో లేదో గానీ, ఈ కల్తీ సంగతి చూస్తే నేను చప్పట్లు కొడతా.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ చెల్లె, చెప్పమ్మా. ... పసుపు పాలు పిల్లలకు ఎంత వేయాలి అంటోంది. గ్లాసు పాలకు పావు చెంచా కూడా ఎక్కువే, చిటికెడు చాలు. పాలతోనే మరగనివ్వు, ఒకటి రెండు మిరియాలు దంచి వెయ్యి. గొంతుకు హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది. మూడు రోజులు దాటి జ్వరం ఉంటే పాలు కాదు, డాక్టర్.

షుగర్ తగ్గుతుందా అని ఎవరో అడిగారు. ఉసిరి, పసుపు కలిపి ఇవ్వడం ఆయుర్వేదంలో పాత పద్ధతే, పరీక్షల్లో కూడా చక్కెర కొంచెం తగ్గినట్టు కొన్నిటిలో వచ్చింది. కొంచెం. దాన్ని నమ్ముకొని మీ గోలీ మానేస్తే పోయేది కాళ్లు, కళ్లు. రెండూ వేసుకుంటానంటే డాక్టర్‌కు చెప్పి వేసుకో, చక్కెర మరీ పడిపోతే అదీ ప్రమాదమే.

ముఖానికి ఏ పసుపు అని పెద్దమ్మ అడుగుతోంది, ఈ కాలం పిల్లలు పూసుకోవట్లేదని బాధ కూడా పడుతోంది. కస్తూరి పసుపు పెద్దమ్మా, అది వేరే జాతి, వాసన ఎక్కువ, రంగు తక్కువ, ముఖానికి అంటుకోదు. కూరలో వేయకూడదు. మాను పసుపు అని అమ్ముతారు, అది అసలు పసుపే కాదు, వేరే మొక్క కట్టె. పిల్లలు పూసుకోకపోతే పోనీ, బలవంతం పెట్టకు. కొందరికి పడదు కూడా, ముందు మోచేతి లోపల రాసి ఒక రోజు చూడమను.

సరే, గ్లాసుల దగ్గరకు రండి. నెమ్మదిగా, టేబుల్ కదలొద్దు. చూడండి, అసలు పసుపు అడుక్కు పోయి నీళ్లు లేత రంగులో ఉండాలి. ఒకటి, రెండు, మూడు బాగున్నాయి. నాలుగు కొంచెం పొట్టు తేలుతోంది, గిర్నీ జల్లెడ లావుది, అంతే. అయిదు నుంచి ఎనిమిది బాగున్నాయి. తొమ్మిది... ఇది చూడండి. పైనుంచి కింది దాకా నీళ్లన్నీ ముదురు పసుపుపచ్చ. పదీ, పదకొండూ మళ్లీ లేతగానే ఉన్నాయి.

తొమ్మిది ఎవరిదని ఇక్కడ చెప్పొద్దు, చెయ్యి ఎత్తొద్దు. ఏ దుకాణమో కూడా మైకులో చెప్పొద్దు. ఈ గ్లాసు అనుమానం మాత్రమే చెప్తుంది, తీర్పు చెప్పదు. కొన్ని కల్తీలు ఇట్లా కనపడవు కూడా, కాబట్టి మిగతా పది మందీ మరీ మురిసిపోకండి. తొమ్మిది వాళ్లు ఇంటికి పోయి డబ్బాలో మిగిలినది పారబోయకండి, అట్లాగే మూత పెట్టి నాకు ఫోన్ చేయండి, ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇద్దాం, పరీక్ష వాళ్లు చేయిస్తారు. ఈలోపు కొత్త పసుపు కావాలంటే కొమ్ములు కొని గిర్నీ పట్టించుకోండి, కొమ్ము విరిచి చూడండి, పైన ఎంత పచ్చగా ఉన్నా లోపల అంతకంటే ముదురుగా ఉండాలి. ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా పన్నెండు రోజులుంది, గౌరమ్మకు ఆ కొమ్ముల పసుపే సరిపోతుంది.

ఆ సున్నం పెట్టిన కాగితాలు ఇంకా పది దాకా ఉన్నాయి, పిల్లలకు చూపిద్దామనుకునేవాళ్లు తీసుకుపోండి. చాయ్ బయట పెట్టారట.